ఇంగ్లండ్‌లో సొలిసిటర్ అప్రెంటిస్: కంపెనీ లీగల్ టీమ్‌లో చేరి సొలిసిటర్ అయ్యే దాకా ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

"యూనివర్సిటీ ఫీజు కట్టకుండా, జీతం తీసుకుంటూనే లాయర్ అవ్వొచ్చట కదా, అదెలా?" రెడింగ్, మిల్టన్ కీన్స్, లండన్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఏ-లెవెల్స్ (మన ఇంటర్ లాంటి చదువు) చదువుతున్న పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది. అవ్వొచ్చు, సొలిసిటర్ (క్లయింట్లకు న్యాయ సలహా ఇచ్చి, ఒప్పందాలు, కేసుల కాగితాలు చూసే లాయర్) అప్రెంటిస్‌గా చేరి. లా ఫర్మ్‌లో చేరేవాళ్లకు సలహా ఇచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి, ఇక్కడ కంపెనీ సొంత లీగల్ టీమ్‌లో అప్రెంటిస్‌గా చేరేవాళ్ల సంగతే రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. కంపెనీ మీకు కాంట్రాక్టులు బాగా నేర్పుతుంది. సొలిసిటర్ కావడానికి రాయాల్సిన అర్హత పరీక్ష (ఎస్‌క్యూఈ) మాత్రం క్రిమినల్ లా, వీలునామాలు, ఇళ్ల కొనుగోళ్లు కూడా అడుగుతుంది. ఈ తేడాను చివరి ఏడాదిలో గమనిస్తే చాలా కష్టం. కింద చెప్పే పద్ధతి అంతా దీన్ని దృష్టిలో పెట్టుకున్నదే.

## 1. అర్హత ముందు తేల్చుకోండి

సొలిసిటర్ అప్రెంటిస్‌షిప్ లెవెల్ 7 (మాస్టర్స్ స్థాయి) కోర్సు. ఏ-లెవెల్స్ తర్వాత చేరితే 5 నుంచి 6 ఏళ్లు పడుతుంది, చాలాచోట్ల ఎల్‌ఎల్‌బీ డిగ్రీ అందులోనే వస్తుంది. డిగ్రీ అయ్యాక చేరేవాళ్లకు ఇంకా తక్కువ కాలం.

వయసు విషయం జాగ్రత్తగా చూడండి. 2026 జనవరి నుంచి లెవెల్ 7 అప్రెంటిస్‌షిప్‌లకు ప్రభుత్వ నిధులు ప్రధానంగా 16 నుంచి 21 ఏళ్ల మధ్య మొదలుపెట్టేవాళ్లకే. ప్రత్యేక విద్యా అవసరాల ప్లాన్ ఉన్నవాళ్లకు, ప్రభుత్వ సంరక్షణలో పెరిగినవాళ్లకు 25 నిండే లోపు వరకు వెసులుబాటు ఉంది. మిగతావాళ్లను తీసుకోవాలంటే కంపెనీ మొత్తం ఖర్చు సొంతంగా భరించాలి. అందుకే "డిగ్రీ చేశాక చూద్దాంలే" అనే ఆలోచన ఇప్పుడు అంత సురక్షితం కాదు.

వీసా సంగతి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు ఈ నిధులు రావు. తల్లిదండ్రుల వర్క్ వీసా మీద డిపెండెంట్‌గా వచ్చి, కనీసం గత 3 ఏళ్లుగా యూకేలోనే స్థిరంగా ఉంటున్న పిల్లలకు సాధారణంగా దారి ఉంటుంది. శిక్షణ సంస్థ కాగితాలు చూసి తేలుస్తుంది, కాబట్టి దరఖాస్తుకు ముందే అడగండి.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో లా చదివినవాళ్లకు ఇది సరైన దారి కాదు. వాళ్లు ఎస్‌క్యూఈ పరీక్షలకు నేరుగా వెళ్లొచ్చు. కావలసిన 2 ఏళ్ల పని అనుభవం భారత్‌లో సంపాదించినా చెల్లుతుంది, కాకపోతే దాన్ని ఇంగ్లండ్ సొలిసిటర్ ఒకరు ధ్రువీకరించాలి.

## 2. ఆఫర్ ఒప్పుకునే ముందు అడగాల్సినవి

చాలామంది జీతం ఒక్కటే చూస్తారు. ఏయే పనుల్లో తిప్పుతారు, ఎవరి కింద పనిచేయాలి అన్నదే మీ ఆరేళ్లను నిర్ణయిస్తుంది. ఇంటర్వ్యూ చివర "మీకేమైనా ప్రశ్నలున్నాయా" అని అడిగినప్పుడు వీటిని మొహమాటపడకుండా అడగండి:

- టీమ్‌లో ఎంతమంది సొలిసిటర్లు ఉన్నారు? నా పనిని రోజూ చూసేది ఎవరు?
- కమర్షియల్ కాంట్రాక్టులే కాకుండా ఎంప్లాయ్‌మెంట్, డేటా ప్రొటెక్షన్, కంపెనీ సెక్రటేరియల్, వివాదాలు, ప్రాపర్టీ పనులు కూడా దొరుకుతాయా?
- మీ కోసం పనిచేసే బయటి లా ఫర్మ్‌కు కొన్ని నెలలు సెకండ్‌మెంట్ (తాత్కాలికంగా వేరే చోట పని) మీద పంపుతారా?
- చదువు కోసం వారంలో ఏ రోజు కేటాయిస్తారు?
- ఎస్‌క్యూఈ ముందు చదువుకోవడానికి సెలవు ఎంత? మళ్లీ రాయాల్సి వస్తే ఆ ఫీజు ఎవరు కడతారు?
- టీమ్‌ను తగ్గిస్తే అప్రెంటిస్ పరిస్థితి ఏమిటి?

సెకండ్‌మెంట్ ప్రశ్నకు "చూద్దాం" అని జవాబు వస్తే ఆఫర్‌ను తిరస్కరించనక్కర్లేదు. కానీ ఆ లోటు మీరే పూడ్చుకోవాలని అర్థం చేసుకోండి.

శిక్షణ ఖర్చు మీ నుంచి వసూలు చేయకూడదు, మధ్యలో మానేసినా తిరిగి కట్టమని అడగకూడదు. ఇది నిధుల నిబంధనల్లోనే ఉంది. ఆఫర్ లెటర్‌లో దీనికి విరుద్ధంగా ఏదైనా వాక్యం కనిపిస్తే సంతకానికి ముందే శిక్షణ సంస్థకు చూపించండి.

## 3. చేరేలోపు చేసుకోవాల్సినవి

ఆ వేసవిలో లా పుస్తకాలు ముందేసుకుని కూర్చోనక్కర్లేదు. ఈ నాలుగు చాలు:

- కంపెనీ వార్షిక నివేదిక చదవండి. డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, రిస్కుల కింద ఏం రాశారు అన్నవి ముఖ్యం.
- కంపెనీస్ హౌస్ వెబ్‌సైట్‌లో మీ కంపెనీ పేరు వెతికి డైరెక్టర్లు ఎవరో, గ్రూపులో ఏయే కంపెనీలున్నాయో చూడండి. ఇది ఉచితం.
- వర్డ్‌లో ట్రాక్ ఛేంజెస్, కామెంట్లు, రెండు ఫైళ్లను పోల్చడం చేతికి అలవాటయ్యేదాకా సాధన చేయండి.
- సొలిసిటర్లను నియంత్రించే ఎస్‌ఆర్‌ఏ ప్రచురించిన సామర్థ్యాల పత్రం ఒకసారి చదవండి. ఎథిక్స్, సాంకేతిక న్యాయ పని, ఇతరులతో పనిచేయడం, తన పనిని తాను నిర్వహించుకోవడం అని నాలుగు భాగాలు. ఆరేళ్లూ మిమ్మల్ని కొలిచేది దీనితోనే.

## 4. మొదటి మూడు నెలలు: వ్యాపారం నేర్చుకోండి

లా ఫర్మ్‌లో క్లయింట్ బయట ఉంటారు. ఇక్కడ క్లయింట్ పక్క ఫ్లోర్‌లోనే ఉంటారు: సేల్స్, ప్రొక్యూర్‌మెంట్, హెచ్‌ఆర్, మార్కెటింగ్. వాళ్ల పని తెలియకుండా రాసిన సలహా ఎంత సరైనదైనా వాళ్లకు ఉపయోగపడదు.

ప్రతి విభాగం నుంచి ఒకరిని అరగంట కలవండి. మూడే ప్రశ్నలు: మీ పని ఎలా సాగుతుంది? లీగల్ టీమ్ దగ్గర ఎక్కడ ఆలస్యమవుతోంది? ఏది పొరపాటైతే మీకు ఎక్కువ నష్టం?

కంపెనీ తరఫున సంతకం ఎవరు పెట్టొచ్చు, ఎంత మొత్తం వరకు అన్న అధికారాల పట్టిక కూడా తెచ్చుకుని దగ్గర పెట్టుకోండి. మొదటి వారంలో అడిగే అప్రెంటిస్‌లు అరుదు. కానీ ఏడాదంతా పనికొచ్చే కాగితం అదే.

## 5. మొదటి ఎన్‌డీఏను ఎలా చూడాలి

దాదాపు ప్రతి అప్రెంటిస్ చేతికీ మొదట వచ్చేది గోప్యతా ఒప్పందమే. చిన్నదని తొందరపడకండి. పెద్ద కాంట్రాక్టులకు కావలసిన క్రమశిక్షణ ఇక్కడే వస్తుంది. ఈ వరుసలో చూడండి.

అ. ఫైల్ తెరిచే ముందు అడగండి. పంపినవాళ్లకు ఫోన్ చేసి, ఏ సమాచారం, ఎవరి నుంచి ఎవరికి, ఎందుకు వెళ్తోందో తెలుసుకోండి. మన సమాచారమే బయటికి వెళ్తుంటే గట్టి షరతులు కావాలి. వాళ్ల సమాచారం మన దగ్గరకు వస్తుంటే మనం పాటించగలిగే షరతులు కావాలి.

ఆ. పార్టీల పేర్లు సరిచూడండి. పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ కంపెనీస్ హౌస్ రికార్డుతో కలవాలి. ఒకే గ్రూపులో దాదాపు ఒకే పేరుతో మూడు నాలుగు కంపెనీలుంటాయి. తప్పు కంపెనీతో సంతకమైతే, రేపు గొడవ వచ్చినప్పుడు ఎవరి మీద దావా వేయాలన్న దగ్గరే చిక్కు మొదలవుతుంది.

ఇ. రహస్య సమాచారం నిర్వచనం, మినహాయింపులు. అప్పటికే అందరికీ తెలిసినవి, మనకు ముందే తెలిసినవి, మనం స్వతంత్రంగా తయారుచేసినవి, చట్టప్రకారం బయటపెట్టాల్సినవి. ఈ నాలుగూ మినహాయింపుల్లో ఉన్నాయో లేదో చూడండి.

ఈ. ఎవరితో పంచుకోవచ్చు? గ్రూపు కంపెనీలు, ఆడిటర్లు, బయటి సలహాదారులు ఉండాలి. ఇది మరిచిపోతే కంపెనీ తన మామూలు పని చేసుకుంటూనే ఒప్పందాన్ని ఉల్లంఘించినట్టవుతుంది.

ఉ. ఉండకూడనివి వెతకండి. ఎన్‌డీఏ లోపల ఉద్యోగులను తీసుకోవద్దన్న షరతు, ఇండెమ్నిటీ (అవతలివాళ్ల నష్టం మనమే భరిస్తామన్న హామీ), ఎక్స్‌క్లూజివిటీ (వాళ్లతోనే వ్యవహరించాలన్న షరతు), మేధో సంపత్తి బదిలీ దాక్కుని ఉండొచ్చు. కనిపిస్తే సొంతంగా ఒప్పుకోవద్దు, సూపర్‌వైజర్‌కు చూపించండి.

ఊ. కాలపరిమితి, సమాచారం తిరిగివ్వడం, ఏ దేశ చట్టం. బ్యాకప్‌లలో ఉన్న కాపీలను కూడా చెరిపేయాలని రాస్తే, అది సాధ్యమేనా అని ఐటీ వాళ్లను అడగండి.

ఋ. సంతకం. మామూలు ఒప్పందమా, డీడ్ (ప్రత్యేక లాంఛనాలతో సంతకం చేసే పత్రం) రూపంలో ఉందా? మామూలు ఒప్పందం ఉల్లంఘన మీద దావాకు గడువు 6 ఏళ్లు, డీడ్ అయితే 12. కంపెనీ డీడ్ చేస్తే 2006 కంపెనీల చట్టం 44వ సెక్షన్ ప్రకారం ఇద్దరు అధీకృత వ్యక్తులు, లేదా సాక్షి సమక్షంలో ఒక డైరెక్టర్ సంతకం చేయొచ్చు.

ఆ తర్వాతే టీమ్ ప్లేబుక్‌తో (ఏ క్లాజ్‌లు ఒప్పుకోవచ్చో రాసిపెట్టుకున్న గైడ్) పోల్చి రెడ్‌లైన్ చేయండి, అంటే మార్పులు కనిపించేలా దిద్దండి. ప్రతి మార్పుకూ కారణం మీకు ఒక్క వాక్యంలో చెప్పగలిగేలా ఉండాలి. చెప్పలేకపోతే ఆ మార్పు తీసేయండి. కామాలు సరిదిద్దడం కోసం అవతలివాళ్ల ఫైల్‌ను ఎర్రగా నింపితే మన మీద గౌరవం తగ్గుతుంది, చర్చ అనవసరంగా సాగదీసినట్టవుతుంది.

పెద్ద కాంట్రాక్టులకు వచ్చాక బాధ్యత పరిమితి క్లాజ్ దగ్గర ఎక్కువసేపు ఆగండి. నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణానికి, శారీరక గాయానికి బాధ్యతను 1977 నాటి అన్‌ఫెయిర్ కాంట్రాక్ట్ టర్మ్స్ చట్టం కింద తప్పించుకోలేం. ఆ మినహాయింపు క్లాజ్‌లో ఉందా? పరిమితి మొత్తం ఒక్కో క్లెయిమ్‌కా, ఏడాదికా, ఒప్పందం మొత్తానికా? ఇండెమ్నిటీలు ఆ పరిమితి లోపలా బయటా? ఈ మూడూ తేలాకే మిగతా పేజీలు చదవండి.

## 6. బిజినెస్ వాళ్లకు జవాబు రాసే పద్ధతి

కాలేజీ వ్యాసంలో చట్టం ముందు, ముగింపు చివర. ఇక్కడ తిరగేయాలి. సేల్స్ మేనేజర్‌కు కావలసింది "సంతకం పెట్టొచ్చా, వద్దా".

- మొదటి వాక్యం: పెట్టొచ్చు, పెట్టకూడదు, లేదా ఈ రెండు మార్పులు చేస్తే పెట్టొచ్చు.
- తర్వాత: ఎందుకు, రెండు మూడు వాక్యాల్లో.
- తర్వాత: ఇప్పుడు ఎవరు ఏం చేయాలి, ఎప్పటిలోపు.
- చట్టం వివరం మీ ఫైల్ నోట్‌లో ఉండాలి. సూపర్‌వైజర్ అడిగేది అదే.

తెలియని ప్రశ్న వస్తే "చూసి రేపు మధ్యాహ్నంలోపు చెప్తాను" అనండి, అన్న టైముకు చెప్పండి. పెద్దవాళ్ల ముందు తెలియదనడం మర్యాద కాదన్న పెంపకం మనలో చాలామందిది. ఈ వృత్తిలో మాత్రం ఊహించి చెప్పడమే అసలు ప్రమాదం.

గడువులున్న పనులను విడిగా గుర్తుపెట్టుకోండి. ఎవరైనా తమ వ్యక్తిగత డేటా కాపీ అడిగితే సాధారణంగా ఒక నెలలోపు ఇవ్వాలి. రిస్కు ఉన్న డేటా ఉల్లంఘన జరిగితే, తెలిసిన 72 గంటల్లో సమాచార కమిషనర్ కార్యాలయానికి చెప్పాలి. ఇలాంటి ఈమెయిల్ మీకు శుక్రవారం సాయంత్రం వచ్చినా సోమవారం దాకా ఆపకండి, అప్పుడే సూపర్‌వైజర్‌కు ఫోన్ చేయండి.

## 7. ప్రివిలేజ్: ఒక్క ఫార్వర్డ్‌తో పోయేది

లాయర్ సలహాకు ఉండే గోప్యతా రక్షణ కంపెనీ లోపలి లాయర్లకూ ఇంగ్లండ్‌లో ఉంది. కానీ కంపెనీలో ఉన్న ప్రతి ఒక్కరూ క్లయింట్ కాదు. త్రీ రివర్స్ 5వ కేసులో 2003లో అప్పీల్ కోర్టు క్లయింట్ అనే మాటను చాలా ఇరుకుగా చూసింది: సలహా అడగడానికి, తీసుకోవడానికి అధికారం ఉన్నవాళ్లే. ఈయూ పోటీ చట్టం విచారణల్లో అయితే కంపెనీ లోపలి లాయర్లకు ఈ రక్షణే లేదని 2010లో ఆక్జో నోబెల్ కేసులో ఈయూ న్యాయస్థానం తేల్చింది.

కాబట్టి:

- న్యాయ సలహాను, వ్యాపార అభిప్రాయాన్ని ఒకే ఈమెయిల్‌లో కలపకండి.
- పంపే జాబితా చిన్నగా ఉంచండి. రిప్లై ఆల్ నొక్కే ముందు పేర్లు చదవండి.
- ఫార్వర్డ్ చేయవద్దని ఈమెయిల్‌లోనే రాయండి.
- పైన "ప్రివిలేజ్డ్" అని రాసినంత మాత్రాన రక్షణ రాదు.
- వివాదం వాసన వస్తే రాయడం ఆపి, సూపర్‌వైజర్‌తో మాట్లాడండి.

ఇంట్లో కూడా కంపెనీ విషయాలు చెప్పకండి. కంపెనీ షేర్లు మార్కెట్లో ఉంటే, బాబాయ్‌తో భోజనాల దగ్గర అన్న ఒక్క మాట కూడా ఇన్‌సైడర్ సమాచారం బయటపెట్టిన నేరంగా మారొచ్చు.

## 8. చదువు రోజు, పోర్ట్‌ఫోలియో

శిక్షణ సమయం జీతం వచ్చే పని గంటల్లోనే ఇవ్వాలి. ఎక్కువ కంపెనీల్లో వారానికి ఒక రోజు. పని ఒత్తిడి పెరిగితే మొదట పోయేది ఆ రోజే. దాన్ని క్యాలెండర్‌లో బ్లాక్ చేయండి, ఆటోమేటిక్ రిప్లై పెట్టండి. తప్పనిసరిగా మీటింగ్ వస్తే, అదే వారంలో ఇంకో సగం రోజు ఎప్పుడో అప్పుడే అడిగి తీసుకోండి. వరుసగా రెండు వారాలు పోతే లైన్ మేనేజర్‌కు రాతపూర్వకంగా చెప్పండి. అది ఫిర్యాదు కాదు, మీ కోర్సు రికార్డుకు అవసరం.

పోర్ట్‌ఫోలియో గురించి ఒకే సలహా: పని జరిగిన వారంలోనే రాయండి. ఏ పని, నేను ఏం చేశాను, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నాను, సూపర్‌వైజర్ ఏం మార్చారు, ఏ సామర్థ్యానికి సంబంధించింది. పేర్లు, అంకెలు తీసేసి గుర్తుపట్టలేకుండా చేశాకే శిక్షణ సంస్థ సిస్టమ్‌లో పెట్టండి.

## 9. కంపెనీ నేర్పనివి: లోటు పట్టిక

ఈ భాగం జాగ్రత్తగా చదవండి. ఎస్‌క్యూఈ1లో రెండు పేపర్లు. మొదటిదాంట్లో బిజినెస్ లా, వివాద పరిష్కారం, కాంట్రాక్ట్, టార్ట్ (ఒప్పందం లేకున్నా ఇతరులకు చేసిన నష్టానికి బాధ్యత), న్యాయవ్యవస్థ, రాజ్యాంగ పరిపాలనా చట్టాలు. రెండోదాంట్లో ప్రాపర్టీ, భూమి చట్టం, ట్రస్టులు, వీలునామాలు, సొలిసిటర్ల అకౌంట్లు, క్రిమినల్ లా. కంపెనీ టీమ్‌లో మొదటి పేపర్‌లో సగానికి రోజూ ఉదాహరణలు దొరుకుతాయి. రెండో పేపర్‌కు దాదాపు ఏమీ దొరకవు. క్లయింట్ డబ్బు ముట్టని టీమ్‌లో అకౌంట్స్ నియమాలు అర్థం కావడం ముఖ్యంగా కష్టం.

మొదటి ఏడాదిలోనే ఒక పట్టిక గీయండి. ఎడమవైపు సబ్జెక్టులు, కుడివైపు "ఇక్కడ చూశాను", "ఎక్కడ చూడగలను". తర్వాత ఇలా నింపండి:

- క్రిమినల్: మేజిస్ట్రేట్ కోర్టులో వెనక కూర్చుని చూడండి. చాలా విచారణలకు ప్రజలకు ప్రవేశం ఉంటుంది. బెయిల్ వాదన విన్నాక పుస్తకంలోని క్రమం దానంతటదే గుర్తుంటుంది.
- వివాదాలు, అడ్వకసీ (కోర్టులో వాదించడం): కౌంటీ కోర్టు విచారణలు, కంపెనీ కేసుల్లో బయటి ఫర్మ్ లాయర్లతో జరిగే కాల్స్. వినడానికి అనుమతి అడగండి.
- క్లయింట్‌తో మాట్లాడటం: సిటిజన్స్ అడ్వైస్‌లో గానీ, శిక్షణ సంస్థ లీగల్ క్లినిక్‌లో గానీ స్వచ్ఛందంగా పనిచేయండి. ఆందోళనలో ఉన్న మనిషి ముందు కూర్చోవడం ఆఫీసులో నేర్చుకోలేం.
- ప్రాపర్టీ: కంపెనీ ఆఫీసు లీజ్, గోదాము లీజ్ ఎవరు చూస్తున్నారో కనుక్కుని అందులో చిన్న పని అడగండి.
- వీలునామాలు, అకౌంట్లు: సెకండ్‌మెంట్ దొరికితే అక్కడే. దొరకకపోతే పుస్తకం, ప్రశ్నల సాధన. ఇంకో దారి లేదు.

మూడు నెలలకోసారి జరిగే సమీక్షలో మీరు, మేనేజర్, శిక్షణ సంస్థ కోచ్ ఉంటారు. పట్టికను ప్రతిసారీ అక్కడ పెట్టండి. కాగితం మీద ఖాళీ గడి కనిపిస్తే మేనేజర్లు సాయం చేస్తారు. నోటిమాటగా అడిగితే మరిచిపోతారు.

## 10. ఎస్‌క్యూఈ1

ఒక్కో పేపర్‌లో 180 ప్రశ్నలు, మొత్తం 360. రోజుకు రెండు సెషన్లు, ఒక్కోదాంట్లో 90 ప్రశ్నలకు 2 గంటల 33 నిమిషాలు. అంటే ప్రశ్నకు 102 సెకన్లు. పుస్తకాలు అనుమతించరు. ఐదు జవాబుల్లో అన్నిటికంటే సరైనది ఎంచుకోవాలి.

చదవడం మాత్రమే చాలదు. సబ్జెక్టు ముగిసిన రోజు నుంచే టైమర్ పెట్టుకుని ప్రశ్నలు చేయాలి. తప్పు చేసిన ప్రతి ప్రశ్నకూ పక్కన కారణం రాయండి: నియమం తెలియలేదా, వాస్తవం సరిగా చదవలేదా, రెండింటి మధ్య తడబడ్డామా? నెల తర్వాత చూస్తే ఎక్కడ సమయం పెట్టాలో స్పష్టంగా తెలుస్తుంది. పనిలో కాంట్రాక్టులు చూస్తున్నాం కదా అని ఆ సబ్జెక్టు వదిలేయకండి. కంపెనీ ప్లేబుక్ వేరు, పరీక్ష అడిగే చట్టం వేరు.

ప్రతి పరీక్షకూ 6 ఏళ్లలో 3 అవకాశాలే. సిద్ధంగా లేకపోతే తేదీ వాయిదా గురించి ముందే మాట్లాడండి.

## 11. ఎస్‌క్యూఈ2

అప్రెంటిస్‌లకు ఇదే తుది పరీక్ష. ఎస్‌క్యూఈ1 పాసయ్యాకే రాయాలి. మొత్తం 16 అభ్యాసాలు: 12 రాతవి, 4 మౌఖికం. నైపుణ్యానికి, చట్టానికి సమానంగా మార్కులు.

మౌఖికంలో ఇంటర్వ్యూలు ప్రాపర్టీ, వీలునామాల మీద, అడ్వకసీ వివాదాలు, క్రిమినల్ మీద ఉంటాయి. నాలుగిట్లో ఒక్కటి కూడా కంపెనీ టీమ్ రోజువారీ పని కాదని గమనించండి. అందుకే 9వ భాగాన్ని వాయిదా వేయొద్దంటున్నాను.

- ఇంటర్వ్యూ సాధన: 10 నిమిషాలు సిద్ధం, 25 నిమిషాలు మాట్లాడటం, 25 నిమిషాల్లో నోట్. అమ్మనో స్నేహితుడినో క్లయింట్‌గా కూర్చోబెట్టండి.
- అడ్వకసీ: 45 నిమిషాల తయారీ, 15 నిమిషాల వాదన. రికార్డు చేసుకుని వినండి.
- లీగల్ రైటింగ్: 30 నిమిషాలు. ఆఫీసులో జవాబు ముందు రాసే అలవాటు ఇక్కడ బాగా కలిసొస్తుంది.
- డ్రాఫ్టింగ్: 45 నిమిషాలు. టెంప్లేట్ లేకుండా క్లాజ్ రాయడం అలవాటు చేసుకోండి. ప్లేబుక్ నుంచి కాపీ చేసే చేతికి ఇదే గట్టి పరీక్ష.

## 12. చివరి కాగితాలు

సొలిసిటర్‌గా నమోదు కావడానికి నడవడిక, అర్హత పరిశీలన ఉంటుంది. పోలీసు హెచ్చరికలు, కోర్టు తీర్పులు, కట్టని అప్పులు, కాలేజీలో కాపీ కొట్టిన ఆరోపణ వంటివన్నీ చెప్పాలి. చిన్నదే కదా అని దాచిపెడితే, ఆ విషయం కంటే దాచడమే పెద్ద తప్పుగా నిలుస్తుంది. అనుమానం ఉంటే ఎస్‌ఆర్‌ఏను ముందస్తుగా అడిగి తేల్చుకునే వీలుంది.

దరఖాస్తుకు ముందు సరిచూసుకోవాల్సినవి:

- పాస్‌పోర్టులో, ఏ-లెవెల్ సర్టిఫికెట్లలో, ఎస్‌ఆర్‌ఏ ఖాతాలో పేరు ఒకేలా ఉందా? ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండటం తెలుగువాళ్లకు తరచూ వచ్చే చిక్కు. దీన్ని మొదటి ఏడాదిలోనే సరిచేయించండి.
- గత చిరునామాలు, తేదీలు రాసిపెట్టుకున్నారా?
- నమోదు ఫీజు, ప్రాక్టీసింగ్ సర్టిఫికెట్ ఫీజు కంపెనీ కడుతుందా?
- నమోదైన తేదీ నుంచి హోదా, జీతం ఎలా మారతాయో రాతపూర్వకంగా తీసుకున్నారా?
- నమోదు పూర్తయ్యేదాకా ఈమెయిల్ సంతకంలో "సొలిసిటర్" అని రాయకూడదని గుర్తుందా? పరీక్ష పాసైన రోజు ఉత్సాహంలో లింక్డ్‌ఇన్‌లో మార్చేస్తారు. నమోదు కాకుండా ఆ హోదా వాడటం చట్టప్రకారం నేరం.